సగం అంటే ఎంత?

దేశంలోని విద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ మండించనిదేనని 2025 జులైలో కేంద్రం ప్రకటించింది. 2030 నాటికి చేరాల్సిన గీతను ఐదేళ్లు ముందే దాటేశాం. మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ సగంలో పెద్ద జలవిద్యుత్, అణువిద్యుత్ కూడా కలిసే ఉన్నాయి. పైగా అది బిగించిన యంత్రాల లెక్క. ఇంటికొచ్చే కరెంటు లెక్క తీస్తే, మూడింట రెండు వంతులకు పైనే ఇంకా బొగ్గుది. నల్గొండ జిల్లా దామరచర్ల వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వాళ్ల మండలంలోనే లేచింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ మనది. బత్తాయి తోటకు నీళ్లు కావాల్సిందీ ఆ ఎండల్లోనే. ఒకప్పుడు అర్ధరాత్రి త్రీఫేజ్ వస్తే రైతు టార్చి పట్టుకుని, పాముకు భయపడుతూ స్టార్టర్ డబ్బా దాకా నడిచేవాడు. బోరు మోటర్లు పట్టపగలు సోలార్ కరెంటుతో నడిస్తే అటు రైతుకు నిద్ర, ఇటు బొగ్గు ఆదా. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఇళ్ల కప్పుల మీద పలకలు మెరుస్తున్నాయి. అది ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సొంతూరు. పక్క ఊళ్ల వంతు ఎప్పుడన్నదే మా ప్రశ్న.

అసలు చిక్కు పొద్దుగూకాక మొదలవుతుంది. ఇంటింటా ఫ్యాన్లు, కూలర్లు తిరిగే వేళకు సోలార్ పలక చల్లబడి ఉంటుంది. దీనికి మందు మన కృష్ణ ఒడ్డునే ఉంది. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, నాగార్జునసాగర్‌లో 100 మెగావాట్లవి ఏడు వెనక్కి తిరిగి నీటిని పైకి తోడగలవు. రాత్రి మిగిలిన కరెంటుతో తోడి, పగలు వదలాలన్నది పాత ఆలోచన. ఇప్పుడు దాన్ని తిరగేయాలి: మిట్టమధ్యాహ్నం సోలార్‌తో తోడి, దీపాల వేళ వదలాలి. అందుకు డ్యాం దిగువన నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లు ఇద్దరివీ కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. కష్టమైన పని అదే, మోటర్లు తిప్పడం కాదు.

కేంద్రం ఈసారి లెక్క చెప్పేటప్పుడు ఇంకొక్క అంకె కూడా బయటపెట్టాలి: రాత్రి ఎనిమిది గంటలకు దేశం వాడుతున్న కరెంటులో బొగ్గు లేకుండా వచ్చింది ఎంత?