ఆ ఫ్లెక్సీలో మా జేజినాయన యాడ?

పొద్దున పాల ప్యాకెట్టుకని పోయి వచ్చినా, ఇంకా టీ గూడా తాగలా, ఒళ్ళు మండిపోతా ఉంది. మా ఊరు గిద్దలూరు పక్కనే. బస్టాండు కాడ పాత సామిల్లు ఉన్న జాగాలో ఇప్పుడు ప్లైవుడ్ షోరూం కట్టినారు, దానికి నిన్న రాత్రి కొత్త ఫ్లెక్సీ కట్టినారు. అరవై ఏళ్ళ చరిత్ర, మూడు తరాల నమ్మకం అంట. మిల్లు పెట్టిన ఓనరు ఫొటో, ఆయన కొడుకు ఫొటో, మనవడి ఫొటో, కింద మిల్లు పుట్టిన కాడి నుంచి మూసేదాకా కథంతా చిన్నక్షరాలతో రాసినారు. రోడ్డు మీదే నిలబడి రెండుసార్లు చదివినా. పనిచేసినోళ్ళ పేరు ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్కటి!

మా జేజినాయన, అంటే మా తాత, ఆ మిల్లులో ముప్పై రెండేళ్ళు రంపానికి పదును పెట్టినాడు.

ఆయన చేరేనాటికి మాది ఇంకా కర్నూలు జిల్లానే. 1970లో గదా మమ్మల్ని విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపింది, 72లో దానికి ప్రకాశం పేరు పెట్టింది. మిల్లుకు ముందు ఆయన చేతిరంపం కోతకు పోయేవాడు. గొయ్యి మీద దుంగ పెట్టి పైన ఒకరు, కింద ఒకరు లాగాల, కిందున్నోడికి కళ్ళల్లో నోట్లో అంతా పొట్టే. ఈయన కిందుండేవాడు, పొట్టిగా ఉంటాడని.

ఫ్లెక్సీలో "ఈ ప్రాంతానికి మొదటి మిషను తెచ్చాం" అని పెద్దగా రాసినారు. తెచ్చినారు, కాదనను. మిషను తెచ్చినంత మాత్రాన దుంగ దానంతటదే కోసుకుంటుందా? బ్యాండు రంపం అంటే రెండు చక్రాల మీద తిరిగే పొడుగాటి ఉక్కు పట్టీ. పూటకోసారి దాన్ని దించి, ఆకురాయి అనే మూడు పలకల ఉక్కు పనిముట్టుతో ఒక్కో పన్నూ రాయాల, తర్వాత ఒక పన్ను ఇటు, ఒక పన్ను అటు వంచాల. ఆ వంపు వెంట్రుకంత తేడా వచ్చినా రంపం దుంగలో పట్టేస్తుంది, చెక్క పాము మాదిరి వంకర్లు పోతుంది. మా జేజినాయన వంచిన పళ్ళను ఒక కన్ను మూసి చూసేవాడు, అంతే, కొలతబద్ద లేదు ఏమీ లేదు. మిల్లు తిరుగుతా ఉంటే ఇంట్లో అన్నం తింటా ఆ మోత విని "ఆరో నంబరు దుంగ తుమ్మది, పదును పోయింది" అని చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు.

తుమ్మ అంటే గుర్తొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ ఎద్దులబండ్లకు కొయ్య అంతా ఈ మిల్లులోనే కోసేవాళ్ళు. చక్రం నడిమి కుంభం, దాంట్లో దిగే ఆకులు, చుట్టూ వచ్చే పూటీలు, కాడి దాకా పోయే నొగలు అన్నీ. ఇప్పుడు మా పిల్లోళ్ళను పూటీ అంటే ఏందిరా అని అడిగితే బిక్కమొహం వేస్తారు, వాళ్ళ తప్పు కాదులే, చూపించడానికి బండేది?

ఇంక జేజినాయన చేతివేళ్ళ సంగతి. చింతమాను వచ్చిందంటే మిల్లులో అందరికీ భయమే, ఎందుకంటే దయ్యం పట్టినోళ్ళకు మంత్రం వేసి చింతచెట్టుకు మేకులు కొట్టేవాళ్ళు గదా, ఏళ్ళు గడిచేసరికి మాను ఆ మేకును మింగేసి పైకి ఏమీ కనపడదు. జేజినాయన సుత్తితో తట్టి చూసి ఈ దుంగ వద్దు అన్నాడు. ఫ్లెక్సీలో నడిమి ఫొటో, ఓనరు కొడుకుది, ఉంది చూడండి, ఆయనే, లారీ వచ్చి నిలబడి ఉంది కొయ్యండి అన్నాడు. మేకుకు తగిలి బ్లేడు తెగింది. జేజినాయనకు కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు పోయినాయి.

ఆసుపత్రి ఖర్చు పెట్టినారు, అది చెప్పాల. ఆ ఖర్చును మళ్ళా వారం వారం కూలిలో పట్టుకున్నారు, అదీ చెప్పాల! పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇయ్యాలని 1923లోనే చట్టం వచ్చింది. ఒక చేతికి రెండు వేళ్ళు పోతే సంపాదన శక్తిలో 20 శాతం పోయినట్టు అని దాంట్లో పట్టిక గూడా ఉండింది. మా ఇంట్లో ఎవరికి తెలుసు? తెలిసినోళ్ళు చెప్పలా. మిగిలిన మూడు వేళ్ళతో ఆకురాయి పట్టడం మళ్ళీ నేర్చుకున్నాడు ఆయన.

మిల్లు ఎందుకు మూసినారంటే "సుప్రీంకోర్టు తీర్పు వల్ల" అని రాసినారు. అడవుల నరుకుడు మీద గోదావర్మన్ అనే ఆయన వేసిన కేసులో 1996 డిసెంబర్ 12న ఇచ్చిన ఆర్డరు అది. అడవుల లోపలి సామిల్లులు ఆపమంది, అడవిలో నరుకుడుకు అడ్డం పడింది, నల్లమల టేకు, నల్లమద్ది, యేగిస రావడం తగ్గింది, నిజమే. మనది అడవి లోపలుందా, బస్టాండు పక్కన ఉంది! సగం పైన కోత రైతుల పొలాల మాన్లే, వేప, తుమ్మ, మామిడి. ఆ తర్వాత గూడా మిల్లు తిరిగింది, నేనే చూసినా. 2002 అక్టోబర్‌లో, అడవుల సంగతి చూడ్డానికి కోర్టే పెట్టిన కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా ఏ రాష్ట్రమూ కొత్త సామిల్లుకు లైసెన్సు ఇయ్యగూడదని అదే కోర్టు చెప్పినాక పాత లైసెన్సుకు రేటొచ్చింది. అప్పుడు అమ్మినారు. లైసెన్సు డబ్బులు వాళ్ళకు, జాగా వాళ్ళకు. పద్నాలుగు మంది కూలోళ్ళకు ఒక పంచె, ఒక స్వీటు డబ్బా.

అన్నిటికన్నా నాకు మంట యాడంటే, పొట్టు కాడ. మా జేజి, అంటే జేజినాయన భార్య, పొట్టు పొయ్యి మీద వండేది. రేకు డబ్బాలో నడిమధ్య సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి కూరి, సీసాను మెల్లగా తిప్పుతా పైకి లాగేది, పొట్టు రాలిపోకుండా. ఒకసారి కూరితే రెండు పూటల వంట. ఆ గోతం పొట్టుకు గూడా కూలిలో కోసుకునేవాళ్ళు! ముప్పై రెండేళ్ళు పనిచేసినోడి ఇంటికి పొట్టు ఊరికే ఇయ్యలా. ఇప్పుడు అదే జాగాలో పొట్టును జిగురుతో అదిమిన బోర్డులు వేలకు వేలు పెట్టి అమ్ముతా ఉండారు.

జేజినాయన ఆకురాయి మా ఇంట్లో ఉంది, పిడి మీద మూడు వేళ్ళ అరుగు తెలుస్తా ఉంటుంది. రేపు పొద్దున తొమ్మిదింటికి దాన్ని తీసుకుని ఆ షోరూంకు పోతా ఉన్నా, పద్నాలుగు పేర్లూ ఆ ఫ్లెక్సీ మీద రాయమని అడగడానికి. నాకు పదకొండు పేర్లే గుర్తున్నాయి. మీ నాయనో మీ జేజినాయనో అక్కడ చేసి ఉంటే పేరు కింద రాయండి, వచ్చేవాళ్ళు బస్టాండు కాడికి వచ్చేయండి.