ఇటుకల నాట్యానికి టికెట్టు లేదు

బెల్జియంలో ఉల్టిమా వెజ్ అనే నృత్యబృందం ఉంది. విమ్ వాండెకైబస్ 1986లో దాన్ని స్థాపించాడు. మరుసటి ఏడాది వేసిన తొలి ప్రదర్శనలోనే నర్తకులు ఇటుకల్లాంటి దిమ్మలను గాలిలోకి ఎగరేశారు. అవి నెత్తిన పడేలోగా ఇంకొకరు ఉరికివచ్చి తప్పించాలి. లిప్తపాటు ఆలస్యమైతే తల బొప్పి కట్టాల్సిందే. దానికి 1988లో న్యూయార్కులో బెస్సీ నృత్య పురస్కారం దక్కింది.

హనుమకొండలో మా ఇంటి మీద అంతస్తు లేస్తోంది. వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని, ఫోనులో ఆ దిమ్మలాట చూస్తూ "ఆహా, ఎంత దేహసాధన!" అని పరవశిస్తుండగా ఎదురుగా ఇటుకలు ఎగురుతున్నాయి. కింద ఒకతను జోడు ఇటుకలను పైకి విసిరాడు. పరంజా మీద ఒకామె, అరచేతులకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కుని, జోడు విడిపోకుండా అందుకుంది. నడుము తిప్పి వెనక పేర్చింది. చేతిలోని ఇటుకలను చూడనైనా చూడలేదు, కళ్లు అప్పటికే తర్వాతి జోడు మీద ఉన్నాయి.

నృత్య విమర్శకుడిగా (అనుభవం ఇరవై నిమిషాలు) కొన్ని లోపాలు గమనించాను. వెలుతురు మరీ ఎక్కువ, ఏప్రిల్ ఎండను తగ్గించే ఏర్పాటే లేదు. విరామం సద్దిడబ్బా ఖాళీ అయ్యేంతవరకే. పైగా నాలుగు ఇటుకలు జారి పగిలాయి. ప్రేక్షకుడు ప్రదర్శన మధ్యలో లేచి ఇటుక ధర గుర్తుచేయడం మర్యాద కాదు గానీ, గుర్తుచేశాను.

అసలు మన దగ్గర ఇటుకకూ నాట్యానికీ పాత చుట్టరికమే. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీటిలో తేలే ఇటుకలు వాడారు. చూరు కింద నల్లరాతి మదనికలు ఎనిమిది వందల ఏళ్లుగా నడుము వంచే ఉన్నారు, కాలు మార్చలేదు. ఆ శిల్పాలనూ, కాకతీయుల కాలపు జాయప సేనాని నాట్యగ్రంథం 'నృత్తరత్నావళి'నీ ఆధారం చేసుకునే నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. 2021లో యునెస్కో కూడా గుడిని గుర్తించింది. కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు శాసనంలో ఉంది, శిల్పిదని చెప్పుకునే పేరు గుడికే ఉంది. ఇటుకలు అందించిన బృందం తాలూకు కరపత్రం మాత్రం దొరకలేదు.

ఆ లోటు తీర్చాలనిపించి మేస్త్రీని పిలిచాను. "మీవాళ్లు చేస్తున్నది అంతర్జాతీయ స్థాయి నాట్యం, తెలుసా?"

"అట్లాగా సారూ? అయితే మనిషికి రోజుకు వంద పెంచండి."

వెంటనే విమర్శ సవరించుకున్నాను. అది నాట్యం కాదు, ఇటుకలు అందుకోవడం.