ఫిట్స్‌కు టెన్షనే కారణమా?

నలభై దాటాక మొదటిసారి ఫిట్స్ వచ్చిన మనిషి గురించి ఇంట్లో ముందు వినిపించే మాట, ‘‘ఈ మధ్య టెన్షన్లు ఎక్కువయ్యాయి కదా’’ అని. కారణం తెలిసిపోయిందనుకుంటారు, ఎంఆర్ఐ, మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష వాయిదా పడతాయి. అసలు నష్టం ఇక్కడే. ఆ వయసులో పక్షవాతం మిగిల్చిన మచ్చ, తలకు తగిలిన పాత దెబ్బ, కణితి, మెదడులో బద్దెపురుగు తిత్తి, రక్తంలో పడిపోయిన సోడియం లేదా గ్లూకోజ్, ఉన్నట్టుండి మానేసిన మద్యం, ఇవన్నీ లేవని తేలాకే ఒత్తిడి గురించి మాట్లాడాలి.

అలాగని ఒత్తిడిని కొట్టిపారేయలేం. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల్లో మూర్ఛ వ్యాధి మిగతావారికంటే ఎక్కువగా కనిపించిందని డెన్మార్క్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఒత్తిడిలో విడుదలయ్యే కార్టిసాల్ వంటి హార్మోన్లు నెలల తరబడి ఎక్కువగా ఉంటే, జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం హిప్పోకాంపస్‌లో నాడీకణాలు తేలిగ్గా ఉద్రేకపడే స్థితికి రావచ్చని జంతు ప్రయోగాలు చెబుతున్నాయి. అయితే ఒత్తిడి ఒక్కటే ఆరోగ్యమైన మెదడుకు మూర్ఛ తెచ్చిపెడుతుందని చెప్పేంత రుజువు ఇంకా లేదు.

వ్యాధి ఇప్పటికే ఉన్నవారి సంగతి వేరు. ఫిట్స్‌ను రేపేది ఏమిటని అడిగితే వాళ్లు ఎక్కువగా చెప్పేది ఒత్తిడే. చాలాసార్లు అది నిద్ర మీదుగా, మాత్రల మీదుగా దెబ్బకొడుతుంది. రోజుకు రెండుసార్లు వేసుకునే మామూలు రకం ఫిట్స్ మందు లెవెటిరాసెటామ్ రక్తంలో ఆరు నుంచి ఎనిమిది గంటల్లోనే సగానికి తగ్గుతుంది. నైట్ షిఫ్టులో రాత్రి డోసు మరిచిపోయి, పొద్దున సరిగా నిద్రపోకపోతే రెండు రక్షణలూ ఒకేసారి పోయినట్టే. అందుకే డైరీలో ఫిట్ వచ్చిన సమయం ఒక్కటే రాస్తే చాలదు. ముందురోజు నిద్ర ఎన్ని గంటలు, ఏ డోసు తప్పింది, మద్యం తాగారా అన్నవి కూడా ఉంటేనే డోసు పెంచాలో, వేళలు మార్చాలో డాక్టర్ తేల్చగలరు.

మాత్రల్లోనూ ఉచ్చులున్నాయి. లెవెటిరాసెటామ్ కొందరిలో చిరాకు, కోపం, దిగులు పెంచుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని టెన్షన్ అనుకుంటారు. నిద్ర కోసం నెలల తరబడి వేసుకున్న ఆల్‌ప్రజోలమ్‌ను ఒక్కసారిగా ఆపేస్తే, అదే ఫిట్స్ తెప్పించగలదు. దాన్ని డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి.

డిప్రెషన్ మందులు ఫిట్స్ పెంచుతాయన్న భయంతో చాలామంది చికిత్సకే దూరంగా ఉండిపోతున్నారు, ఇది బాధాకరం. సెర్ట్రలిన్ వంటివి మామూలు మోతాదులో చాలామందికి సురక్షితమే, బ్యుప్రోపియాన్ వంటి కొన్నింటి విషయంలోనే జాగ్రత్త. ఇక ఒత్తిడి తగ్గించే పద్ధతుల సంగతి. మూర్ఛ ఉన్నవారిలో కండరాలను వదులుచేసే సాధనపై అమెరికాలో జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో ఆ సాధన చేసినవారికీ, పోలిక కోసం వేరే అభ్యాసం చేసినవారికీ ఫిట్స్ దాదాపు సమానంగానే తగ్గాయి. ఒత్తిడి మాత్రం సాధన చేసినవారిలో ఎక్కువగా తగ్గింది. కాబట్టి యోగా, ధ్యానం మాత్రలకు తోడుగా చేయవచ్చు, వాటి పేరుతో ఒక్క డోసు కూడా మానకూడదు.