నవలలు చెల్లక సినిమాల్లో చేరిందట!

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్. "భారతదేశంలో పుట్టిన రూత్ ప్రవర్ ఝబ్వాలా నవలలు చెల్లక సినిమాల్లో చేరింది. సాహిత్యం వదిలేసింది. సొంత కథ ఒక్కటీ రాయకుండా పక్కవాళ్ల నవలలు కాపీ చేసి రెండు ఆస్కార్లు కొట్టేసింది." పంపినవాళ్లంతా పుస్తకాలు చదివేవాళ్లే. అదే నా బాధ.

ఆమె పుట్టింది 1927లో, జర్మనీలోని కొలోన్‌లో. పెళ్లయ్యాక, 1951లో ఢిల్లీ వచ్చారు. ఆ ముక్క ఇంతటితో సరి.

నవలలు చెల్లలేదా? నిర్మాత ఇస్మాయిల్ మర్చంట్, దర్శకుడు జేమ్స్ ఐవరీ ఆమెను వెతుక్కుంటూ వెళ్లిందే "ది హౌస్‌హోల్డర్" నవలను సినిమా తీస్తామని. ఆ సినిమా 1963లో వచ్చింది. ఆ తర్వాత పన్నెండేళ్లకు, 1975లో, "హీట్ అండ్ డస్ట్" నవలకు బుకర్ సాహిత్య బహుమతి వచ్చింది. సాహిత్యం వదిలేసిన మనిషికి బుకర్ ఎవరిస్తారండీ? బుకర్, ఆస్కార్ రెండూ అందుకున్న రచయిత ఆమె ఒక్కరే.

సొంత కథ లేదా? "షేక్స్‌పియర్ వాలా" సినిమా ఏ నవల నుంచీ రాలేదు. ఐవరీతో కలిసి ఆమె రాసిందే.

నాకు ఒళ్లు మండేది ఆ "కాపీ" మాటకి. "ఎ రూమ్ విత్ ఎ వ్యూ", "హోవర్డ్స్ ఎండ్" రెండింటికీ వచ్చినవి అనుసరణ స్క్రీన్‌ప్లేకిచ్చే ఆస్కార్లు. మూలం ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్‌దని అందరికీ చెప్పే తీశారు. ఇక పని సంగతి చూడండి. "ఆమెకు అతనంటే భయం, ఆ భయంలోనే ఇష్టం" అని నవలలో ఒక్క వాక్యం చాలు. కెమెరాకు ఆ వాక్యం కనపడదు. దాన్ని గుమ్మం దగ్గర ఆగిపోయిన అడుగుగానో, సగంలో మింగేసిన మాటగానో మార్చాలి. ఏ అధ్యాయం తీసేస్తే కథ కుంటుతుందో తెలియాలి. "హీట్ అండ్ డస్ట్"నే తీసుకోండి. 1923 నాటి ఒలీవియా కథనీ, యాభై ఏళ్ల తర్వాత ఆ ఆనవాళ్లు వెతుక్కుంటూ వచ్చిన మరో స్త్రీ కథనీ నవలలో ఒకే గొంతు చెబుతుంది. తెర మీద ఏ కాలానికి ఆ కాలపు గదులు, మనుషులు, మాటలు కావాలి. నవలలో పేరే లేని ఆ రెండో స్త్రీకి సినిమాలో ఆన్ అనే పేరుంది. ఆమె రాసిన ఆ స్క్రీన్‌ప్లేకి బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది. అది ఎవరి నవలకు కాపీ? తనదానికేనా?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. బుకర్ నవల తర్వాత ఆమె మరో నవల 1983లోగానీ రాలేదు. మధ్యలో కథలున్నాయి, సినిమాలున్నాయి, నవల లేదు. ఆ ఎనిమిదేళ్లలో సినిమా ఒక నవలను మింగేసిందేమో అని నాకూ దిగులే. ఆ మెసేజ్‌లో ఈ మాట ఉండి ఉంటే నేనూ పదిమందికి పంపేదాన్ని.