సతాయింపుకు మార్కుల కోత

డిసెంబరులో మన సంఘం రవీంద్రభారతిలో పెట్టిన వేడుకకు వచ్చినవాళ్లకు పిల్లల 'అచ్చ తెలుగు' పోటీ గుర్తుండే ఉంటుంది. విదేశం నుంచి సెలవులకు వచ్చిన ఓ పాప "మా తాత స్కూటర్ చలికి బాగా సతాయిస్తది" అంది. హాలంతా నవ్వింది. న్యాయనిర్ణేత మాత్రం మైకులోనే "అది ఉర్దూ మాటమ్మా, మనది కాదు" అని మార్కులు కోసేశారు.

ఉర్దూ నుంచి వచ్చిందే, కాదనను. 'సతానా'కు మనం 'ఇంచు' తగిలించుకున్నాం. దబాయించు, చలాయించు, బనాయించు కూడా అలా వచ్చినవే. అక్రమ కేసు 'బనాయించారు' అని రాయని తెలుగు పేపరుందా? ఇంకా వెనక్కి వెళ్తే సతానా సంస్కృత 'సంతాపనం' నుంచి ప్రాకృతం మీదుగా అరిగి వచ్చిన మాట. పోయిన పెద్దలకు అదే సభలో లేచి నిలబడి తెలిపిన సంతాపం దీనికి దగ్గరి చుట్టమే!

మలక్‌పేటలో మా నాన్నకూ ఓ స్కూటర్ ఉండేది. పొద్దున్నే దాన్ని ఓ పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి, కిక్కు మీద కిక్కు కొట్టేవాడు. "మళ్ల సతాయిస్తున్నదా?" అని వంటింట్లోంచి అమ్మ. గల్లీ చివర మెకానిక్ చాచా దూరం నుంచే "సతా రహీ క్యా సాబ్?" అనేవాడు. ఇద్దరి మధ్యా దుబాసీ అక్కర్లేదు. దాన్ని అమ్మేద్దామంటే మాత్రం నాన్న ఒప్పుకోలేదు. పరాయివాడు పరేషాన్ చేస్తాడు, గుమాస్తా విసిగిస్తాడు. సతాయించేది మనదనుకున్నదే: బండి, మోకాలు, అన్నం తినని పిల్ల. కట్నం కోసం కోడలిని సతాయించే ఇళ్లూ ఉన్నాయి, నిజమే. అక్కడా సతాయించేది ఇంటివాళ్లే.

మా హైదరాబాదీలం తక్కువవాళ్లమేం కాదు. కోస్తా నుంచి వచ్చిన క్లాస్‌మేట్ 'విసిగించకండి' అంటే నాటకం డైలాగని వెక్కిరించినవాళ్లమే. కమిటీ పెద్దల టెన్షన్ కూడా అర్థమవుతుంది. విదేశాల్లో పుట్టిన పిల్లల వాక్యంలో క్రియ తప్ప మిగతాదంతా ఇంగ్లిషే అయితే ఎక్కడో గీత గీయాలి. కానీ ఆ పాప ఇంగ్లిష్ మాట్లాడలేదే, వాళ్ల అమ్మమ్మ భాష మాట్లాడింది.

అసలు అచ్చ తెలుగులో తొలి కావ్యం 'యయాతి చరిత్ర'. పదహారో శతాబ్దంలో పొన్నెగంటి తెలగన దాన్ని అంకితమిచ్చింది పటాన్‌చెరు అమీన్‌ఖానుకు, గోల్కొండ కుతుబ్‌షాహీల అధికారికి. ఖాన్‌సాబ్ పేరుతో ఆ తెలుగుకు మైలేమీ అంటలేదు.

ఉగాది పోటీల నియమాలు ఇప్పుడు రాస్తున్నారట. 'అన్యదేశ్యాలకు (వేరే భాషల నుంచి వచ్చిన మాటలకు) మార్కులు తగ్గించబడును' అన్న లైను దయచేసి కొట్టేయండి. తప్పదంటే జవాబు, ఖర్చు, హాజరు, ఫిర్యాదు లేకుండా మన పెద్దలు ఒక్క వార్షిక నివేదిక చదివి చూపించాలి. ఆ పాపకు కోసిన మార్కులు కలిపి, సర్టిఫికెట్ మార్చి పోస్టులో పంపండి. అడ్రసు సంఘం ఆఫీసులోనే ఉంది.