మా ఇంట్లోనూ పడ్డారు

పరాయి దేశంలో మత ప్రచారానికి వెళ్లిన దంపతుల ఇంట్లో దొంగలు పడ్డారన్న కథనం చదివాను. దేవుడి పనిలో ఉన్నవారికే ఇలాగా అని కొందరు వెటకారం చేయవచ్చు. మేము ఉండేది ఏడుకొండలవాడి పాదాల దగ్గర, తిరుపతి బైరాగిపట్టెడలో. 2019లో ఒక్క రాత్రి చిత్తూరులో పెళ్లికి వెళ్లి వస్తే, మా ఇంటి తలుపు గడియ ఊడి వేలాడుతోంది.

బీరువా సరే, బియ్యం డబ్బా కూడా బోర్లించారు. నేలంతా గింజలు, వాటి మధ్య మా అమ్మ కుంకుమ భరిణె. పూజగదిలోని లడ్డు సగం తిని, మిగతా సగం మళ్లీ కవరులో చుట్టి పెట్టారు. ఆ మర్యాదకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కమ్మలు, కొంత నగదు పోయాయి. రాత్రిపూట ఇంట్లో చొరబడి దొంగతనం చేసినట్టు పోలీసులు కేసు రాశారు. సొమ్ము దొరకలేదు.

ఊరెళ్లే ముందు ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్లపై పోలీసుల నిఘా) యాప్‌లో చెబితే పోలీసులే వచ్చి ఉచితంగా కెమెరా పెడతారు; ఇంట్లో ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. యాప్ నా ఫోనులో ఉంది. ఒక్క రాత్రికి ఎందుకులే అనుకున్నది నేనే.

ఆ ఉదయం మాకు పక్కింటి పిన్నిగారు కాఫీ తెచ్చారు, తమ్ముడు వడ్రంగిని పిలుచుకొచ్చాడు. ఊరుగాని ఊళ్లో ఆ దంపతులకు ఈ పనులు ఎవరు చేసిపెట్టారో ఆ కథనంలో రాసి ఉంటే బాగుండేది. మా ఆవిడ ఇప్పటికీ పడుకునే ముందు గడియను మూడుసార్లు లాగి చూస్తుంది.