కుష్ఠును పాపానికి గుర్తు చేయకండి

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగులు యేసుకు ఎదురైంది సమరయ, గలిలయల సరిహద్దులో. తెలుగు, ఒడియా, సవర పక్కపక్కనే వినిపించే ఒడిశా సరిహద్దు ఊళ్లు పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్లకు అలాంటి చోటు కొత్త కాదు. యూదులకూ సమరయులకూ పొసగని రోజులవి. అయినా ఆ గుంపులో ఒక సమరయుడున్నాడు. ఊరు వెలివేశాక జాతి ఎవరడుగుతారు?

యేసు చెప్పినట్టు ఒళ్లు చూపించుకోవడానికి యాజకుల దగ్గరకు వెళ్తుండగా దారిలోనే అందరికీ నయమైంది. దేవుణ్ని స్తుతిస్తూ వెనక్కి వచ్చి యేసు పాదాల దగ్గర సాగిలపడింది ఆ సమరయుడొక్కడే. తొమ్మిదిమందికి ఒళ్లు బాగైంది, ఇతనికి మనసూ మారింది అని ప్రసంగాల్లో చెబుతారు. నేనూ ఒప్పుకుంటాను. మిగతా తొమ్మిదిమంది ఏరని యేసే అడిగాడు కదా.

కానీ చాలామంది అక్కడితో ఆగరు. కుష్ఠు అంటే పాపం, మచ్చ అంటే లోపలి మురికి అనేదాకా వెళ్తారు. ఆ పదిమంది ఏం పాపం చేశారో లూకా ఒక్క ముక్కా రాయలేదు. ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. ఎండీటీ (కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్స) మందులు 6 నుంచి 12 నెలలు వాడితే నయమవుతుంది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం కూడా. కొత్త కేసులు ఎక్కువగా బయటపడే రాష్ట్రాల్లో ఒడిశా ఇప్పటికీ ఒకటి. చేతి మీద స్పర్శ లేని మచ్చ ఉన్న మనిషి ఆ ప్రసంగం వింటే ఆస్పత్రికి వెళ్తాడా, పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాడా? ఆలస్యమైతే నరాలు దెబ్బతిని వేళ్లు వంకర్లు పోతాయి. పెద్దరోగం అన్న పేరుకే భయపడే ఇంట్లో ఆ టెన్షన్ చాలు, మనం పాపం కూడా అంటగట్టాలా?

ఈ కథలో లోపలి మార్పు వెతకాల్సింది వాళ్లను దూరంగా నిలబెట్టిన ఊళ్లో అని నా అభిప్రాయం. ఆ ఊరు మనదే. కుష్ఠు ఉన్నవాళ్లు మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేయకూడదని ఒడిశా 1950 నాటి చట్టంలో రాసుకుంది. 2008లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది, ఆ తర్వాతే తీసేశారు. విడాకులకు కుష్ఠు ఒక కారణంగా చట్టాల్లో 2019 దాకా ఉంది. చట్టం పుస్తకంలో ఒక వాక్యం కొట్టేయడానికే ఇన్నేళ్లు పట్టింది. ఈ వాక్యభాగం చదివిన ఆదివారం సంఘంలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మందుల కోర్సు పూర్తయి నయమైన మనిషి ఇంటితో పెళ్లి సంబంధం కలుపుకోవడానికి మనలో ఎవరు సిద్ధం?